రోగకారక ఈస్టుల ఎంజైమ్ స్రావం, సంక్రమణలో దాని పాత్ర

ఈస్టులు ఏకకణ శిలీంధ్రాలు. మిగతా శిలీంధ్రాల మాదిరే అవి ఆహారాన్ని కణం వెలుపలే జీర్ణం చేసుకుంటాయి. పెద్ద అణువులు కణపు గోడను దాటి లోపలికి రాలేవు కాబట్టి, వాటిని ముక్కలు చేసే ఎంజైములను ఈస్టు బయటికి వదులుతుంది, కరిగిన చక్కెరలను, అమైనో ఆమ్లాలను, కొవ్వు ఆమ్లాలను లోపలికి తీసుకుంటుంది. రొట్టెల పిండిని పొంగించే శాకరోమైసిస్ సెరివిసియే కూడా ఇన్వర్టేజ్ అనే ఎంజైమును గోడ దాకా పంపి చక్కెరను అక్కడే విరగ్గొడుతుంది. మనిషి ఒంటి మీదా ఒంటి లోపలా బతికే ఈస్టులకు దొరికే ఆహారం వేరు. చర్మపు కెరటిన్, శ్లేష్మంలోని మ్యూసిన్, రక్తంలోని ఆల్బుమిన్, కణత్వచాల్లోని ఫాస్ఫోలిపిడ్లు, తలమీది జిడ్డు వాటికి అందుబాటులో ఉన్న పోషకాలు. వాటిని కరిగించే ఎంజైములే కణజాలాన్నీ దెబ్బతీస్తాయి, రోగనిరోధక అణువులనూ తునకలు చేస్తాయి. తిండి కోసం పుట్టిన పరికరం ఏ పరిస్థితుల్లో రోగానికి సాధనమవుతుందన్నదే ఈ రంగంలో మొదటి నుంచీ ఉన్న ప్రశ్న.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అక్టోబరులో ప్రకటించిన ప్రాధాన్య శిలీంధ్రాల జాబితాలో 19 జీవులున్నాయి. అందులో అత్యంత తీవ్రమైన వర్గంలో చేర్చిన నాలుగింటిలో మూడు ఈస్టులే: కాండిడా ఆల్బికాన్స్, కాండిడా ఆరిస్, క్రిప్టోకాకస్ నియోఫార్మాన్స్. నాలుగోది ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు. ప్రాణాంతకం కాకపోయినా కోట్లమందిని వేధించే చుండ్రుకూ, శోభి మచ్చలకూ సంబంధించిన మలసేజియా కూడా ఈస్టే. రోగకారక ఈస్టుల ఎంజైమ్ స్రావం గురించి మనకు తెలిసినది ప్రధానంగా కాండిడా, క్రిప్టోకాకస్, మలసేజియా అనే ఈ మూడు ప్రజాతుల మీద జరిగిన పరిశోధనల నుంచి వచ్చింది.

స్రావ మార్గం

ఈస్టు కణం ఎంజైమును బయటికి ఎలా పంపుతుందో తెలిసింది రోగకారక జాతుల నుంచి కాదు, శాకరోమైసిస్ నుంచే. రాండీ షెక్‌మన్, పీటర్ నోవిక్ 1979లో స్రావం ఆగిపోయిన ఉత్పరివర్తిత ఈస్టులను వేరుచేశారు. ఉష్ణోగ్రత పెంచితే ఈ కణాల్లో ఇన్వర్టేజ్ బయటికి రాకుండా లోపలే పేరుకుపోయేది. ఆ పద్ధతిలో ఒక్కో జన్యువునూ గుర్తిస్తూ పోతే స్రావ మార్గం మొత్తం బయటపడింది. షెక్‌మన్‌కు 2013లో నోబెల్ బహుమతి వచ్చింది ఈ పనికే.

ఎంజైమ్ ప్రోటీన్ తయారయ్యేటప్పుడు దాని ముందు భాగంలో ఒక సంకేత పెప్టైడ్ ఉంటుంది. అది ప్రోటీనును ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లోకి చేర్చి, అక్కడే తెగిపోతుంది. తర్వాత గాల్జీ సంపుటిలో కెక్స్2 అనే మరో ప్రోటియేజ్, లైసిన్-ఆర్జినిన్ జంట ఉన్నచోట కోత పెట్టి, అప్పటిదాకా ఎంజైమును నిద్రాణంగా ఉంచిన ముందు ముక్కను తొలగిస్తుంది. అంతకు ముందే మేల్కొంటే ఎంజైమ్ సొంత కణాన్నే అరిగించేస్తుంది. సిద్ధమైన ఎంజైమ్ చిన్న బుడగల్లో కణత్వచానికి చేరి, గోడ దాటి పరిసరాల్లో కలుస్తుంది. కొన్ని ఎంజైములు మాత్రం జి.పి.ఐ. అనే కొవ్వు లంగరుతో త్వచానికో గోడకో అంటుకుని ఉండిపోతాయి. వాటి పని దూరంగా ఉన్న పదార్థం మీద కన్నా ఈస్టు సొంత గోడ మీదా, దాన్ని తాకిన కణం మీదా ఎక్కువ.

ఇంకో దారి కూడా ఉంది. క్రిప్టోకాకస్ తన గోడ గుండా త్వచం చుట్టుకున్న సూక్ష్మ బుడగలను యథాతథంగా బయటికి పంపుతుందని 2007-08లో ఆర్టురో కాసడెవాల్ బృందంతో కలిసి పనిచేసిన శాస్త్రవేత్తలు చూపారు. ఆ బుడగల్లో లాకేజ్, యూరియేజ్ వంటి ఎంజైములు, ఈస్టు కణం చుట్టూ ఉండే గుళిక పదార్థం కలిసి ఉన్నాయి. ఎంజైములు విడివిడిగా పలచబడిపోకుండా ఒకే మూటలో ఆశ్రయ కణాన్ని చేరడం ఈ పద్ధతిలోని లాభం.

కాండిడా ఆల్బికాన్స్: సాప్ కుటుంబం

కాండిడా ఆల్బికాన్స్ ఆరోగ్యవంతుల్లో సుమారు సగం మంది నోట్లోనో పేగుల్లోనో ఏ హానీ చేయకుండా నివసిస్తుంది. పసిపిల్లల నోటి పూత, స్త్రీలలో యోని దురద, తెల్లబట్ట, ఆసుపత్రుల్లో రక్తానికి పాకే తీవ్ర సంక్రమణ, ఇవన్నీ అదే ఈస్టు వల్ల వస్తాయి. నలుగురు స్త్రీలలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా యోని కాండిడియాసిస్ వస్తుందని అంచనా. హాని చేయని నివాసి రోగకారకంగా ఎలా మారుతుందన్న ప్రశ్నకు జవాబుగా ఎంజైముల మీద దృష్టి పడింది.

జర్మన్ శాస్త్రవేత్త ఎఫ్. స్టైబ్ 1965లో ఈ ఈస్టు రక్తసీరంలోని ప్రోటీన్లను నత్రజని వనరుగా వాడుకుంటూ వాటిని అరిగిస్తుందని వివరించాడు. ఆ పని చేసేవి ఆస్పార్టిల్ ప్రోటియేజులని తర్వాత తేలింది. చురుకు కేంద్రంలో రెండు ఆస్పార్టిక్ ఆమ్లాలుండే ఈ ఎంజైములు మన జీర్ణాశయంలోని పెప్సిన్‌కు బంధువులు. స్రవించే ఆస్పార్టిల్ ప్రోటియేజులు అనే అర్థంలో వీటిని సాప్ అని పిలుస్తారు. మొదటి సాప్ జన్యువును 1990ల మొదట్లో వేరుచేశారు. ఆ తర్వాత కాండిడా ఆల్బికాన్స్‌లో ఇలాంటి జన్యువులు ఒకటి కాదు, పది ఉన్నాయని తెలిసింది. సాప్1 నుంచి సాప్8 వరకు బయటికి వెలువడతాయి. సాప్9, సాప్10 లంగరు వేసుకుని ఉపరితలం మీదే ఉండి, గోడ పటిష్ఠతకూ, కణాల విభజనకూ తోడ్పడతాయి.

పది ఎందుకన్నదానికి ఆ జన్యువులు ఎప్పుడు మేల్కొంటాయో చూస్తే కొంత జవాబు దొరుకుతుంది. సాప్1, సాప్2, సాప్3 ఆమ్లత ఎక్కువగా ఉన్నచోట, అంటే పిహెచ్ 3 నుంచి 5 మధ్య బాగా పనిచేస్తాయి. యోనిలోని సహజ ఆమ్లత దాదాపు ఈ పరిధిలోనిదే. సాప్4, సాప్5, సాప్6 తటస్థతకు దగ్గరగా ఉన్న పిహెచ్‌లో పనిచేస్తాయి, ఈస్టు గుండ్రని రూపం విడిచి దారాల్లాంటి హైఫాలను చాపినప్పుడే అవి ఎక్కువగా వెలువడతాయి. హైఫాలు కణజాలంలోకి చొచ్చుకుపోయే రూపం కాబట్టి ఈ జతకూర్పు పరిశోధకులను మొదటి నుంచీ ఆకర్షించింది. సాప్1 మరో ప్రత్యేక స్థితిలో కనిపిస్తుంది. 1987లో డేవిడ్ సోల్ బృందం వర్ణించిన తెలుపు-మసక రూపాంతరంలో, మసక రంగు కాలనీ కణాలు మాత్రమే ఈ ఎంజైమును బాగా తయారుచేస్తాయి. సాప్2 విషయం ఇంకా సరళం. అమ్మోనియం లవణం అందుబాటులో ఉంటే అది వెలువడదు. నత్రజనికి ప్రోటీన్ తప్ప మరో దారి లేనప్పుడు ఆ జన్యువు పూర్తి వేగంతో పనిచేస్తుంది. ఆకలిని బట్టి నడిచే ఈ నియంత్రణ చూస్తే, సాప్2 మూలతః పోషణ ఎంజైమన్న విషయంలో సందేహానికి తావుండదు.

సాప్ ఎంజైములు తునకలు చేయగల పదార్థాల పట్టిక పెద్దది. ఆల్బుమిన్, హీమోగ్లోబిన్, కెరటిన్, కొలాజెన్, మ్యూసిన్ అందులో ఉన్నాయి. ఎపిథీలియల్ కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచే ఇ-కాడెరిన్‌ను సాప్5 కోస్తుంది. శ్లేష్మ పొరలను కాపాడే ఐజిఎ ప్రతిరక్షకం, కాంప్లిమెంట్ వ్యవస్థలోని సి3బి, సి4బి, సి5 భాగాలు, లాలాజలంలో శిలీంధ్రాలను చంపే హిస్టాటిన్-5 పెప్టైడ్ కూడా వాటి కోతకు గురవుతాయి. అంటే ఒకే చర్యతో ఈస్టుకు ఆహారం దొరుకుతుంది, అడ్డుగోడ పలచబడుతుంది, కాపలా అణువు పోతుంది. కోతతో సంబంధం లేని ప్రభావం కూడా ఉంది. సాప్2, సాప్6 ప్రోటీన్లు తమ చురుకు కోల్పోయిన స్థితిలో కూడా రక్షక కణాల్లో ఎన్‌ఎల్‌ఆర్‌పి3 అనే వ్యవస్థను రేపి వాపు కలిగించగలవు.

రోగుల నుంచి తీసిన నమూనాలూ ఇదే సూచించాయి. యోని కాండిడియాసిస్ లక్షణాలున్న స్త్రీల నుంచి తీసిన ఈస్టు, లక్షణాల్లేకుండా దాన్ని మోస్తున్న వారి నుంచి తీసినదాని కన్నా ఎక్కువ ప్రోటియేజ్ స్రవిస్తుందని రోమ్‌లోని ఫ్లావియా డి బెర్నార్డిస్, ఆంటోనియో కసోనే చూపారు. సాప్2 లేని ఈస్టు ఎలుకల యోనిలో నిలదొక్కుకోలేకపోయింది. సాప్4, 5, 6 మూడూ తొలగించిన ఈస్టును, సూక్ష్మజీవులను మింగే రక్షక కణాలైన మాక్రోఫేజులు సులువుగా చంపాయి. 1990లు ముగిసేనాటికి సాప్ ఎంజైములు కాండిడా రోగతత్వానికి మూలస్తంభమని పాఠ్యపుస్తకాలు రాశాయి.

నిర్ధారణలో వచ్చిన చిక్కు

ఒక ఎంజైమ్ రోగానికి కారణమని చెప్పడానికి అది రోగకారక జీవిలో ఉందని చూపితే చాలదు. స్టాన్లీ ఫాల్కో 1988లో సూత్రీకరించిన అణుస్థాయి కాక్ నియమాల ప్రకారం, ఆ జన్యువును తొలగిస్తే రోగ తీవ్రత తగ్గాలి, తిరిగి చేర్చితే తీవ్రత తిరిగి రావాలి. కాండిడా ఆల్బికాన్స్‌లో ఈ పరీక్ష రెండు విధాల కష్టం. అది ద్విగుణిత జీవి కాబట్టి ప్రతి జన్యువుకూ రెండు ప్రతులను తీసివేయాలి. పైగా ఒక సాప్ పోతే మరో సాప్ ఆ లోటు తీర్చవచ్చు.

మూడో చిక్కు ఆలస్యంగా బయటపడింది. తొలి ఉత్పరివర్తిత ఈస్టుల తయారీలో యూరా3 అనే గుర్తు జన్యువును వాడారు. ఆ జన్యువు క్రోమోజోముల్లో ఎక్కడ చేరిందన్నదాన్ని బట్టే ఈస్టు రోగ తీవ్రత మారుతుందని తర్వాత అర్థమైంది. అంటే తీవ్రత తగ్గడంలో కొంత భాగం సాప్ లేకపోవడం వల్ల కాక, గుర్తు జన్యువు స్థానం వల్ల వచ్చి ఉండవచ్చు. జర్మనీలోని యోఆకిమ్ మోర్ష్‌హాయిజర్ ప్రయోగశాల యూరా3 ప్రమేయం లేని పద్ధతిలో సాప్1 నుంచి సాప్6 దాకా తొలగించిన ఈస్టులను మళ్లీ తయారుచేసింది. 2008లో ప్రచురించిన ఫలితాల్లో అవి ప్రయోగశాలలో పెంచిన మానవ ఎపిథీలియం పొరలోకి మామూలు ఈస్టు అంతగానే చొచ్చుకుపోయాయి. జూలియన్ నాగ్లిక్ బృందం అదే కాలంలో ఇలాంటి నిర్ణయానికే వచ్చింది. ఈస్టును రక్తంలోకి ఎక్కించిన ఎలుకల్లో కూడా ఈ ఎంజైములు తప్పనిసరి కావని ఆ తర్వాతి పరిశోధన చెప్పింది.

మరి ఎపిథీలియల్ కణాలను చంపుతున్నదేమిటి? దానికి సమాధానం 2016లో లండన్ కింగ్స్ కాలేజ్, జర్మనీలోని యేనా పరిశోధకులు కలిసి నేచర్ పత్రికలో ప్రకటించారు. హైఫాలు ఇసిఇ1 జన్యువు నుంచి ఒక పొడవాటి ప్రోటీనును తయారుచేస్తాయి. దాని నుంచి తెగి వచ్చే 31 అమైనో ఆమ్లాల ముక్క, కాండిడాలైసిన్, ఆశ్రయ కణత్వచానికి రంధ్రాలు చేస్తుంది. అది ఎంజైమ్ కాదు, పెప్టైడ్ విషం. అయితే దాన్ని కోసి బయటికి తెచ్చేది సాప్ ఎంజైములను మేల్కొలిపే ఆ కెక్స్2 ప్రోటియేజే. కాండిడాలైసిన్ కనుగొనడంతో సాప్ ఎంజైముల ప్రాముఖ్యం పోలేదు, స్థానం మారింది. కణజాలాన్ని నేరుగా ఛేదించే ఆయుధాలుగా కాక, పోషణ సంపాదించే, అతుక్కునేందుకు తోడ్పడే, కాపలా అణువులను తుంచే, వాపును ప్రేరేపించే సహాయకులుగా వాటిని చూడటం సరైనది. యోనిలోని వాపులో వాటి పాత్రకు ఆధారాలు ఇప్పటికీ బలంగా ఉన్నాయి, రక్త సంక్రమణలో బలహీనం.

ఫాస్ఫోలిపేజులు, లిపేజులు

ఆశ్రయ కణానికి సరిహద్దు ఫాస్ఫోలిపిడ్ త్వచమే. దాన్ని కరిగించే ఫాస్ఫోలిపేజులను కాండిడా ఆల్బికాన్స్ పెరిగే హైఫా కొన దగ్గర ఎక్కువగా వెలువరిస్తుంది. వీటిలో కీలకమైనది ఫాస్ఫోలిపేజ్ బి. పిఎల్‌బి1 జన్యువు తొలగించిన ఈస్టు ఎలుకల్లో స్పష్టంగా బలహీనపడిందని 1998లో తేలింది. దాని పెరుగుదల వేగమూ, అతుక్కునే గుణమూ తగ్గలేదు. తగ్గినది చొచ్చుకుపోయే సామర్థ్యం. 

లిపేజులకు కూడా పది జన్యువుల కుటుంబం ఉంది. వాటి ప్రాముఖ్యం కాండిడా ఆల్బికాన్స్‌లో కన్నా కాండిడా పారాప్సిలోసిస్‌లో బాగా కనిపిస్తుంది. ఈ జాతి నెలలు నిండని శిశువుల్లోనూ, సిర ద్వారా పోషకాలు ఎక్కించుకుంటున్న రోగుల్లోనూ రక్త సంక్రమణ కలిగిస్తుంది. దానిలోని రెండు లిపేజ్ జన్యువులను తీసేసినప్పుడు అది ఉపరితలాల మీద పొరగా పేరుకునే బయోఫిల్మును పలచగానే కట్టగలిగిందని, కొవ్వు ఎక్కువగా ఉన్న మాధ్యమంలో సరిగా పెరగలేదని, మాక్రోఫేజుల్లో తేలికగా చచ్చిపోయిందని 2007లో వెల్లడైంది. సిరలోకి కొవ్వు ద్రావణం ఎక్కించే గొట్టాలకు ఈ ఈస్టు ఎందుకు అంటిపెట్టుకుంటుందో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

2009లో పలు కాండిడా జాతుల జన్యుపటాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, రోగకారక జాతుల్లో సాప్, లిపేజ్, అతుక్కునే ప్రోటీన్ల కుటుంబాలు అరుదుగా రోగం కలిగించే బంధువుల కన్నా పెద్దవిగా ఉన్నాయి. ఇది పరిణామ క్రమం నుంచి వచ్చిన సాక్ష్యం. ఒక్కో ఎంజైముకు రోగంతో సంబంధం ఉందని అది రుజువు చేయదు గాని, ఈ కుటుంబాలు జంతువుల ఒంటిలో బతకడానికి పనికొచ్చాయని చెబుతుంది.

కాండిడా బంధువుల్లో మినహాయింపులు

కాండిడా గ్లాబ్రాటా హైఫాలు చాపదు, సాప్ వంటి ఎంజైములను బయటికి ధారాళంగా స్రవించదు. అయినా ఆసుపత్రి సంక్రమణల్లో దానిది పెద్ద వాటా. దాని దగ్గర ఉన్నవి యాప్సిన్లు అనే 11 ఆస్పార్టిల్ ప్రోటియేజులు. ఇవన్నీ ఉపరితలానికి లంగరు వేసుకుని ఉంటాయి. 2007లో రూపిందర్ కౌర్, బ్రెండన్ కార్మాక్ ఈ పదకొండింటినీ తొలగించినప్పుడు ఈస్టు మాక్రోఫేజుల్లో బతకలేకపోయింది, ఎలుకల్లో రోగ తీవ్రత తగ్గింది. కణాలకు అతుక్కునే ఎపా1 ప్రోటీనును అవసరం తీరాక ఉపరితలం నుంచి కోసి వదిలించుకోవడం కూడా యాప్సిన్ల పనే. రూపిందర్ కౌర్ ఆ తర్వాత హైదరాబాదులోని సెంటర్ ఫర్ డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నస్టిక్స్‌లో ఈ పరిశోధన కొనసాగించారు. మాక్రోఫేజులు విడుదలచేసే ఐఎల్-1బీటా అనే వాపు సంకేతాన్ని అణచి ఉంచడానికి యాప్సిన్లు అవసరమని ఆ ప్రయోగశాల 2018లో ప్రచురించింది. కాండిడా ఆల్బికాన్స్ ఎంజైములు వాపును రేపుతుంటే, గ్లాబ్రాటా ఎంజైములు అణచడం ఆసక్తికరమైన భేదం. మాక్రోఫేజు లోపల దాక్కుని బతికే జీవికి నిశ్శబ్దమే లాభం.

2009లో జపాన్‌లో ఒక రోగి చెవి నుంచి తీసి వర్ణించిన కాండిడా ఆరిస్ ప్రోటియేజ్, ఫాస్ఫోలిపేజ్ స్రావంలో ఒక్కో నమూనాలో ఒక్కో రకంగా ఉంటుంది, చాలా నమూనాల్లో తక్కువే. అది ప్రపంచాన్ని వణికించింది ఎంజైముల వల్ల కాదు. మందులకు లొంగకపోవడం, చర్మం మీదా, ఆసుపత్రి సామగ్రి మీదా వారాల తరబడి నిలిచి ఉండటం దాని బలం. ఎంజైమ్ స్రావంతో రోగ తీవ్రతను కొలిచే ప్రయత్నానికి ఈ ఒక్క ఉదాహరణే హద్దు గీస్తుంది.

క్రిప్టోకాకస్: మట్టి నుంచి మెదడుకు

క్రిప్టోకాకస్ నియోఫార్మాన్స్ మనిషి ఒంటి నివాసి కాదు. పావురాల రెట్ట పడిన నేలలో, పుచ్చిన చెట్ల తొర్రల్లో ఉండి, గాలితో ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. రోగనిరోధక శక్తి తగ్గినవారిలో రక్తం ద్వారా మెదడుకు పాకి మెదడు పొరల వాపు కలిగిస్తుంది. హెచ్.ఐ.వి. ఉన్నవారిలో ఏటా 1,52,000 మందికి ఈ జబ్బు వస్తోందని, 1,12,000 మంది చనిపోతున్నారని 2020 సంవత్సరపు అంచనా. ఎంజైముల పాత్ర ఇంత స్పష్టంగా అర్థమైన ఈస్టు మరొకటి లేదు.

యూరియేజ్ యూరియాను అమ్మోనియాగా, బొగ్గుపులుసు వాయువుగా విడగొట్టే నికెల్ ఎంజైమ్. నత్రజని వ్యర్థాలు నిండిన రెట్టలో బతికే జీవికి అది తిండి సంపాదన. మనిషి రక్తంలోనూ యూరియా ఉంటుంది. యూరియేజ్ జన్యువు లేని ఈస్టును ఎలుకల రక్తంలోకి ఎక్కిస్తే మెదడుకు తక్కువగా చేరింది. అదే ఈస్టును నేరుగా మెదడులో పెడితే మామూలు ఈస్టులాగే పెరిగింది. 2004లో వచ్చిన ఈ ప్రయోగం సొగసైనది, ఎందుకంటే ఎంజైమ్ పని ఏ మెట్టు దగ్గరో అది వేలుపెట్టి చూపింది. మెదడులోని సన్నని రక్తనాళాల్లో ఈస్టు చిక్కుకుని ఆగడానికి యూరియేజ్ కావాలి, అక్కడ పెరగడానికి అక్కర్లేదు. ఆగిన తర్వాత రక్తం, మెదడుల మధ్య ఉన్న అవరోధం దాటడానికి ఎంపిఆర్1 అనే లోహప్రోటియేజ్ అవసరమని 2014లో తేలింది. ఆ ఒక్క జన్యువును రొట్టెల ఈస్టులో చేర్చితే, ఏ రోగమూ కలిగించని ఆ ఈస్టు ప్రయోగశాలలోని అవరోధ నమూనాను దాటింది.

లాకేజ్ రాగి ఉన్న ఎంజైమ్. ఇది కణపు గోడలో ఉండి, డోపమైన్ వంటి డైఫినాల్ అణువులను ఆక్సీకరించి మెలనిన్‌గా మారుస్తుంది. మెలనిన్ పేరుకున్న గోడ మాక్రోఫేజుల ఆక్సీకరణ దాడిని తట్టుకుంటుంది. మెదడులో ఇలాంటి అణువులు సమృద్ధిగా ఉండటం ఈ ఈస్టుకు కలిసివచ్చే విషయం. లాకేజ్ ఆధారంగానే ప్రయోగశాలల్లో క్రిప్టోకాకస్‌ను గుర్తుపడతారు. సాప్ చరిత్రలో కనిపించిన స్టైబే 1962లో గ్విజోటియా అబిసినికా గింజల రసంతో చేసిన మాధ్యమం మీద ఈ ఈస్టు కాలనీలు గోధుమరంగుకు తిరుగుతాయని కనుగొన్నాడు. గింజల్లోని కెఫీక్ ఆమ్లాన్ని లాకేజ్ మెలనిన్‌గా మార్చడమే ఆ రంగుకు కారణం. ఆ మొక్క తెలుగువారికి పరిచయమే. అరకు లోయలో పసుపు పూల తివాచీలా పరుచుకునే వలిసె పంట అదే, దాన్నే వెర్రినువ్వులనీ అంటారు. కాండిడా కాలనీలు ఈ మాధ్యమం మీద తెల్లగానే ఉండిపోతాయి.

ఫాస్ఫోలిపేజ్ బి ఊపిరితిత్తుల దశలో ముఖ్యం. గాలి గదుల లోపలి పూతలో ప్రధాన పదార్థం డైపామిటాయిల్ ఫాస్ఫాటిడైల్ కోలిన్ అనే ఫాస్ఫోలిపిడ్, అది ఈ ఎంజైముకు అనువైన ఆహారం. పిఎల్‌బి1 తొలగిస్తే క్రిప్టోకాకస్ మాక్రోఫేజుల్లో సరిగా పెరగలేదని 2001లో చూపారు.

మనుషులతో పని లేకుండా మట్టిలో బతికే జీవికి మనిషి కణాల మీద పనిచేసే ఆయుధాలెక్కడివి? 2001లోనే కాసడెవాల్ బృందం మట్టిలోని అకాంతమీబా అనే అమీబాకు క్రిప్టోకాకస్‌ను ఎదురుపెట్టింది. మాక్రోఫేజుల్లో జరిగినదే అక్కడా జరిగింది. మింగిన అమీబాలోనే ఈస్టు పెరిగి దాన్ని చంపింది. ఎంజైములు, గుళిక, మెలనిన్ మట్టిలోని వేటగాళ్ల నుంచి తప్పించుకోవడానికి రూపొందినవని, మనిషిలో రోగం దానికి యాదృచ్ఛిక ఫలితమని దీన్నిబట్టి వాదించారు. కాండిడా విషయంలో ఈ వాదన వర్తించదు, దానికి నివాసం జంతువులే.

మలసేజియా: జిడ్డు మీద బతుకు

ఫ్రెంచి శాస్త్రవేత్త మలసే పేరుమీద 1889లో బయాన్ పేరుపెట్టిన ఈ ప్రజాతి, జన్యుపటం చూడకముందే తన అవసరాన్ని బయటపెట్టింది. ప్రయోగశాలలో దాని మీద ఆలివ్ నూనె పోస్తేనే పెరిగేది. 2007లో మలసేజియా గ్లోబోసా జన్యుపటం చదివాక కారణం తెలిసింది. కొవ్వు ఆమ్లాలు తయారుచేసే ఎంజైమ్ జన్యువే దానిలో లేదు. ఆ లోటును పూడ్చడానికి లిపేజ్, ఫాస్ఫోలిపేజ్ జన్యువులు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. తల చర్మం స్రవించే జిడ్డులోని ట్రైగ్లిసరైడ్లను అది విడగొట్టి సంతృప్త కొవ్వు ఆమ్లాలను తీసుకుంటుంది. మిగిలిన ఓలిక్ ఆమ్లం వంటి అసంతృప్త ఆమ్లాలు చర్మంలోకి ఇంకి, తత్వం సరిపడనివారిలో మంట, దురద, పొట్టు కలిగిస్తాయి. ఓలిక్ ఆమ్లాన్ని విడిగా పూసినప్పుడు చుండ్రు ఉన్నవారి తలలోనే పొట్టు లేవడం దీనికి ఆధారం. ఈస్టు దాదాపు అందరి తల మీదా ఉన్నా చుండ్రు కొందరికే రావడానికి తేడా వ్యక్తి చర్మంలో ఉందన్నమాట.

మలసేజియా ఎంజైములన్నీ హానికరం కావు. అది స్రవించే ఒక ఆస్పార్టిల్ ప్రోటియేజ్, స్టాఫిలోకాకస్ ఆరియస్ బాక్టీరియా ఉపరితల ప్రోటీనును కోసి ఆ బాక్టీరియా బయోఫిల్మ్ కట్టకుండా ఆపుతుందని 2018లో వెల్లడైంది. మరోవైపు, కొవ్వు ద్రావణం గొట్టం ద్వారా ఎక్కించుకుంటున్న నవజాత శిశువుల్లో ఇదే చర్మపు ఈస్టు రక్తంలోకి చేరి జ్వరం తెస్తుంది.

ప్రయోగశాలలో కొలిచే పద్ధతులు

రోగుల నుంచి తీసిన నమూనాల ఎంజైమ్ స్రావాన్ని కొలవడానికి ఇప్పటికీ విరివిగా వాడేది పళ్లెం పద్ధతి. ఫాస్ఫోలిపేజ్ కోసం గుడ్డు పచ్చసొన, ఉప్పు, కాల్షియం క్లోరైడ్ కలిపిన అగార్ మీద ఈస్టును నాటుతారు. ఎంజైమ్ వెలువడితే కాలనీ చుట్టూ తెల్లని వలయం ఏర్పడుతుంది. 1982లో ప్రైస్, సహచరులు ప్రతిపాదించిన లెక్కలో కాలనీ వ్యాసాన్ని, వలయంతో కలిపిన మొత్తం వ్యాసంతో భాగిస్తారు. ఫలితం 1 అయితే స్రావం లేనట్టు. సంఖ్య తగ్గేకొద్దీ స్రావం ఎక్కువ. ప్రోటియేజ్ కోసం పశువుల ఆల్బుమిన్ కలిపిన ఆమ్ల మాధ్యమం వాడి, రంగు పట్టని వలయాన్ని కొలుస్తారు. యూరియేజ్‌కు క్రిస్టెన్సెన్ మాధ్యమం ఉంది. అమ్మోనియా పుట్టగానే దానిలోని ఫినాల్ రెడ్ పసుపు నుంచి గులాబీకి మారుతుంది. క్రిప్టోకాకస్‌తో పాటు రోడోటొరులా, ట్రైకోస్పొరాన్ ఈస్టులు కూడా యూరియేజ్ స్రవిస్తాయి కాబట్టి ఈ ఒక్క పరీక్షతో నిర్ణయానికి రాలేం.

భారతదేశంలోని వైద్య కళాశాలల సూక్ష్మజీవశాస్త్ర విభాగాల్లో కూడా ఇలాంటి పళ్లెం పరీక్షలు చాలా జరుగుతాయి, ఖర్చు తక్కువ కావడమే కారణం. వాటి ఫలితాలను చదవడంలో జాగ్రత్త కావాలి. పచ్చసొన మీది వలయం లిపేజ్ వల్ల కూడా రాగలదు. పిహెచ్ 4లో ఆల్బుమిన్ తప్ప నత్రజని లేని పళ్లెం సాప్2కు అనుకూలంగా ఏర్పరచిన పరిస్థితి. రక్తంలో, కాలేయంలో ఆ పరిస్థితి ఉండదు. రోగి నుంచి తీసిన ఈస్టు ఎక్కువ స్రవించిందంటే స్రావం వల్ల రోగం వచ్చిందనీ, రోగి ఒంటి పరిస్థితులు ఎక్కువ స్రవించే రకాన్ని ఎంచాయనీ రెండు విధాలా చెప్పవచ్చు. వలయం వ్యాసాన్ని రోగ తీవ్రతకు కొలమానంగా తీసుకునే వ్యాసాలు ఈ రెండింటినీ వేరుచేయకుండానే ముగుస్తుంటాయి.

ఎంజైములను అడ్డుకునే చికిత్సలు

ఇప్పుడు వాడుతున్న శిలీంధ్ర నాశక మందుల్లో ఫ్లూకొనజోల్ వంటివి త్వచంలోని ఎర్గోస్టెరాల్ తయారీని, ఎకినోకాండిన్లు గోడలోని గ్లూకాన్ తయారీని ఆపుతాయి. స్రవించే ఎంజైములను లక్ష్యం చేసుకున్నది ఏదీ వాటిలో లేదు. ఈస్టును చంపకుండా దాని హానిని మాత్రమే ఆపే మందుకు నిరోధకత నెమ్మదిగా పుడుతుందన్న ఆలోచన ఆకర్షణీయమైనది.

దీనికి అనుకోని ఊతం ఎయిడ్స్ చికిత్స నుంచి వచ్చింది. హెచ్.ఐ.వి. ప్రోటియేజ్ కూడా ఆస్పార్టిల్ వర్గానిదే. ఆ వైరస్‌ను ఆపే రిటోనవిర్, సాక్వినవిర్, ఇండినవిర్ మొదలుపెట్టిన రోగుల్లో నోటి పూత తగ్గింది. మొదట దాన్ని రోగనిరోధక శక్తి కోలుకోవడం వల్లే అనుకున్నారు. 1999లో ఈ మందులు నేరుగా సాప్ ఎంజైములను కూడా నిరోధిస్తాయని ప్రయోగాలు చూపాయి. అయితే సాప్‌ను ఆపడానికి కావలసిన మోతాదు వైరస్‌ను ఆపడానికి చాలే మోతాదు కన్నా చాలా ఎక్కువ. సాప్ ఎంజైముల మీద బలంగా పనిచేసే పెప్‌స్టాటిన్ ఎ మన పెప్సిన్‌నూ, కాథెప్సిన్ డి నీ విడిచిపెట్టదు, పైగా ఒంట్లో త్వరగా విచ్ఛిన్నమవుతుంది. పది సాప్‌లలో ఏవి కావాలో తేల్చుకుని, మనిషి ఎంజైములను తాకకుండా వాటినే పట్టుకునే అణువు దొరకాలి. సాప్2 స్ఫటిక నిర్మాణం 1990ల నుంచే అందుబాటులో ఉండటం ఈ అన్వేషణకు సాయం.

రెండో దారి టీకా. మాటిమాటికీ యోని కాండిడియాసిస్ తిరగబెట్టే స్త్రీల కోసం సాప్2 ప్రోటీనును వైరస్ త్వచపు బుడగల మీద అమర్చిన పిఇవి7 అనే టీకాను తయారుచేశారు. ఎలుకల్లో అది యోని సంక్రమణ నుంచి రక్షణ ఇచ్చింది. మనుషుల్లో మొదటి దశ పరీక్షలో సురక్షితమని, సాప్2ను గుర్తుపట్టే ప్రతిరక్షకాలు పుట్టాయని తేలింది. సాధారణ వైద్య వాడకంలోకి అది రాలేదు. క్రిప్టోకాకస్ యూరియేజ్‌ను, ఎంపిఆర్1ను ఆపి ఈస్టు మెదడుకు చేరకుండా అడ్డుకునే ప్రయత్నాలు ఇంకా జంతువుల దశలోనే, కణ నమూనాల దశలోనే ఉన్నాయి. వీటికి ఒక పరిమితి ఉంది. చాలామంది రోగులు ఆసుపత్రికి వచ్చేసరికే ఈస్టు మెదడులో పెరుగుతుంటుంది, అప్పుడు దాటకుండా ఆపే మందు ఉపయోగం తక్కువ. రక్తంలో క్రిప్టోకాకస్ యాంటిజెన్ కనిపించి, మెదడు లక్షణాలు ఇంకా మొదలుకాని హెచ్.ఐ.వి. రోగులే అలాంటి మందుకు తగినవారు.